బ్రేకులు లేని కీళ్ళు

చిగుసా చీలమండ బెణకడానికి మెట్లూ గుంటలూ అక్కర్లేదు. అద్దంలా తుడిచిన వంటింటి నేల చాలు. ఒకసారి పళ్ళు తోముకునే బ్రష్షు అందుకోబోయి బెణికింది. ఒకసారి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, ఒకసారి ఊరికే నిలబడి వాతావరణ వార్తలు వింటూ. జపానులో బెప్పు ఊరి కొండవాలు వీధుల్లో ఎనభై ఏళ్ళ ముసలమ్మలు కూరల సంచులు పట్టుకుని మేకల్లా ఎక్కిపోతుంటే, నలభై ఒక్క ఏళ్ళ చిగుసా మాత్రం కొత్తగా నడక నేర్చినదానిలా ఒక్కో అడుగూ చూసి వేసేది.

ఆమె కీళ్ళు మిగతావాళ్ళ కీళ్ళలాంటివి కావు. వాళ్ళకి వంగడం ఎక్కడ ఆగిపోతుందో ఈమెకి అక్కడ మొదలవుతుంది. బొటనవేలు వెనక్కి వంచితే ముంజేతికి ఆనుతుంది. చేతులు చాచితే మోచేతులు అవతలివైపుకి వంపు తిరుగుతాయి. చిన్నప్పుడు బళ్ళో ఈ విద్యలు చూపించి చప్పట్లు కొట్టించుకునేది. ఇది విద్య కాదు, ఒంటి తత్వమని చెప్పిన డాక్టరు ముప్పై తొమ్మిదో ఏట గాని దొరకలేదు. అంతవరకూ ప్రతి డాక్టరూ కట్టు కట్టి, ఇకనుంచి చూసుకుని నడవమని పంపినవాడే.

తత్వం తెలిశాక ఇంట్లో దానికి తగ్గ ఏర్పాట్లు చేసుకుంది. సంచీ వేళ్ళకి కాక ముంజేతికి తగిలించుకుంటుంది. కలం చుట్టూ స్పాంజి చుట్టి లావు చేసింది. సీసా మూతలు తిప్పడానికి రబ్బరు గుడ్డ పెట్టుకుంది. పడుకుంటే మోకాళ్ళ మధ్య ఒక దిండు, భుజం కింద ఒక దిండు, వీపు వెనక ఇంకొకటి. ఈ దిండ్లలో తన పెళ్ళాం ఎక్కడుందో వెతుక్కోవాలని భర్త షింగో అనేవాడు. అతను షికోకు దీవికి వెళ్ళే ఫెర్రీలో ఇంజను మనిషి. వారానికి మూడు రాత్రులే ఇంట్లో ఉంటాడు కనక దిండ్లతో పెద్ద తగువు రాలేదు.

చిగుసా ఆ పేట ప్రాథమిక పాఠశాల వంటశాలలో పనిచేసేది. ఆరువందల మందికి మధ్యాహ్న భోజనం. పొద్దున్న ఎనిమిదికి ఉల్లిపాయలతో మొదలుపెడితే పన్నెండింటికి తరగతికో గిన్నె చొప్పున బయటికి వెళ్ళాలి. ఒంటిగంటకి పిల్లలు ఖాళీ గిన్నెలు మోసుకొచ్చి కిటికీలోంచి ఇవాళ బాగుందనో, కారెట్లు ఎక్కువయ్యాయనో చెప్పి పోతారు. ఆ కిటికీ దగ్గర నిలబడే పావుగంట కోసం ఆమె మిగతా రోజంతా ఇష్టంగా చేసేది.

కిందటి నవంబరులో పులిసిన సోయా ముద్దతో కాచి ముల్లంగి వేసిన మిసో చారు గిన్నె ఎత్తి పక్కకి తిరిగింది. కుడి పాదం అటే ఉండిపోయింది, మనిషి ఇటు తిరిగింది. దేవుడి దయవల్ల చారు ఎవరి మీదా పడలేదు. నాలుగో తరగతి రెండో సెక్షను ఆ రోజు చారు లేకుండా భోంచేసింది. తమకు ముల్లంగి చారు అంత ఇష్టం లేదని, కాబట్టి బాధపడవద్దని ఆ పిల్లలు ఉత్తరం రాసి పంపారు.

అసలు చెరుపు ఆ తరవాత జరిగింది. నేల తవ్వితే వేడినీళ్ళు వచ్చే ఊరది. మురుగుకాలవల మూతల్లోంచి కూడా ఆవిరి లేస్తుంటుంది. వీధికో స్నానశాల. అక్కడివాళ్ళకి జలుబు చేసినా, నడుం పట్టినా, పిల్లకి కుదిరిన సంబంధం చెడిపోయినా మందు ఒకటే: వెళ్ళి వేడినీళ్ళలో కూర్చోవడం. అత్తగారు త్సుయాకో కోడల్ని చెయ్యి పట్టుకుని స్నానశాలకి తీసుకెళ్ళింది. లోపలున్న ఆడవాళ్ళంతా జరిగి, నీళ్ళు బాగా కాలే మూల ఖాళీ చేసి ఇచ్చారు. వాళ్ళ ముచ్చట్లలో అరగంట గడిచింది. తొట్టిలోంచి తీసేసరికి చిగుసా పాదం పొద్దున్న తరిగిన ముల్లంగికన్నా లావుగా ఉంది.

మర్నాడు ఆసుపత్రిలో ఫిజియో ఒగాతా ఆ పాదాన్ని చూసి, బెణికిన వెంటనే వేడినీళ్ళలో పెట్టమని ఎవరు చెప్పారని అడిగింది. పేట మొత్తం చెప్పిందని చిగుసా అంది. ఈ ఊళ్ళో తన ఉద్యోగానికి ఢోకా లేదని ఒగాతా నిట్టూర్చి, మొదటి రెండు రోజులు చల్లదనమే తప్ప వేడి తగలకూడదని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. ఆ కాగితం అత్తగారి కోసం.

"మీ కీళ్ళకి చివర గోడ లేదండి," అంది ఒగాతా. "అందరికీ వంగుతూ వంగుతూ ఒకచోట గోడ తగులుతుంది. మీకు తగలదు, అవతల పడిపోతారు. ఆ గోడ మీరే కట్టుకోవాలి, కండతో. ఏ పని చేసినా పదింట ఏడు వంతుల దగ్గర ఆగండి."

ఆగడానికి అభ్యంతరం లేదు. ఆ ఏడు వంతులు ఎక్కడ అవుతాయో తెలిస్తే కదా. ఒంట్లో ఏ మూలా ఏమీ పట్టేసినట్టుండదు, లాగినట్టుండదు. పది వంతులూ దాటి, కీలు కలుక్కుమన్నాకే కబురు తెలుస్తుంది.

శీతాకాలమంతా అలాగే గడిచింది. పాదం నయమైతే మణికట్టు, మణికట్టు నయమైతే మళ్ళీ పాదం. జూన్‌లో వంటశాల పెద్ద హిరమత్సు ఇంటికొచ్చింది. గట్టి మనిషి, మాట తక్కువ. బార్లీ టీ తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పింది.

"వేసవి సెలవులు నలభై రెండు రోజులు. ఒక్క బెణుకు లేకుండా గడిపి చూపించు. సెప్టెంబరు ఒకటిన నీ చోటు నీది. లేదంటే నేను వేరే మనిషిని పెట్టుకోవాలి. ఇష్టమై కాదు, గిన్నెలు ఎత్తేవాళ్ళు కావాలి."

అలా జూలై ఇరవై ఒకటో తేదీ పొద్దున్న ఆరుంబావుకి చిగుసా స్నానశాల ముందు ఖాళీ స్థలానికి, వేసవిలో రోజూ పేటంతా కలిసి చేసే రేడియో కసరత్తుకి వచ్చింది. కండ పెరగడానికి అది మంచిదేనని ఒగాతా చెప్పింది. పాఠశాల పిల్లలూ, పింఛనుదారులూ, అత్తగారూ అంతా కలిసి ముప్పై మంది. కిటికీలో పెట్టిన రేడియోలో పియానో మొదలవగానే బోర్లించిన బీరు పెట్టె మీద మియకె సాన్, అంటే మియకె గారు, నిలబడి చేసి చూపిస్తుంది, మిగతావాళ్ళు ఆవిణ్ణి చూసి చేస్తారు. మియకె సాన్ ఆ పేట మహిళా సంఘానికి అధ్యక్షురాలు. స్నానశాల కడిగే వంతుల పట్టిక నుంచి పండగ లాంతర్ల దాకా ఆవిడ చెయ్యి పడనిది లేదు.

మూడో రోజున, ముందుకి వంగే చోట, మియకె సాన్ పెట్టె మీదే ఆగిపోయింది. చిగుసా రెండు అరచేతులూ నేల మీద చాపలా పరుచుకుని ఉన్నాయి. మోకాళ్ళు వంగలేదు. పక్కనున్న పిల్లలు నోళ్ళు తెరిచారు.

ఆగస్టు ముప్పై ఒకటిన మూడు పేటలూ కలిసి పాఠశాల మైదానంలో ఆఖరి కసరత్తు చేస్తాయి. ఒక్కో ఏడు ఒక్కో పేట మనిషి వేదిక ఎక్కి చేసి చూపించాలి. కిందటేడు పై పేటవాళ్ళు వ్యాయామం టీచర్ని ఎక్కించి ఏడాది పొడుగునా దాని గురించే చెప్పుకున్నారు. ఈ ఏడు వంతు తమది. వేదిక ఎక్కేది చిగుసాయేనని మియకె సాన్ అక్కడికక్కడే తీర్మానించేసింది. చిగుసా తన కీళ్ళ సంగతి చెప్పబోయింది. ఆవిడ వినలేదు, ఇంత వంగే మనిషికి కీళ్ళ జబ్బేమిటని నవ్వేసింది. నిజం చెప్పాలంటే చిగుసా కూడా గట్టిగా చెప్పలేదు. ముప్పై ఏళ్ళ తరవాత మళ్ళీ తన ఒంటిని చూసి ఎవరో మెచ్చుకున్నారు. కట్లూ పట్టీలూ తప్ప మరేమీ ఎరగని ఒళ్ళది.

మర్నాడు ఇంకాస్త వంగింది. ఆ మర్నాడు చేతులు వెనక్కి విసిరేచోట కుడి భుజం కలుక్కుమని జారబోయి, ఏమనుకుందో ఏమో మళ్ళీ దాని చోటికి అదే వచ్చింది. నవ్వు మొహంతోనే ఇంటికెళ్ళి గుమ్మంలో కూలబడింది.

అత్తగారు వెనకాలే వచ్చి, బెణికిందా అని అడిగింది. బెణకలేదు, బెణకబోయిందని చిగుసా చెప్పింది. త్సుయాకో గోడకి అంటించిన ఒగాతా కాగితం వైపు చూసి, ఫ్రిజ్ పైఅరలోంచి గడ్డకట్టిన చిక్కుడుకాయల పొట్లం తీసి తువ్వాల్లో చుట్టి కోడలి భుజాన పెట్టింది. తను ఇలాంటి పని చేసిందని స్నానశాలలో ఎవరికీ చెప్పవద్దని మాత్రం మాట తీసుకుంది.

ఆ రోజంతా చిగుసా చిక్కుడుకాయల కింద పడుకుని ఆలోచించింది. ఇంకా ముప్పై ఏడు రోజులున్నాయి. తన ఒళ్ళు తనకి చెప్పదు. అలాంటప్పుడు చెప్పే ఒళ్ళు ఎవరిదైనా చూసి నడుచుకోవాలి.

మర్నాడు వెళ్ళి కవనో వెనక నిలబడింది. కవనోకి డెబ్భై నాలుగేళ్ళు. ముప్పై ఆరేళ్ళు కొండదారుల్లో యాత్రికుల బస్సు నడిపాడు. ఆ ముప్పై ఆరేళ్ళూ ఆయన ఒంట్లోనే ఉండిపోయాయి. ముందుకి వంగితే చేతులు మోకాళ్ళ దగ్గర ఆగిపోతాయి. మెడ తిరగదు. పక్కకి చూడాలంటే మనిషి మొత్తం బస్సు మలుపు తిరిగినట్టు తిరగాలి. పేటలో అందరికన్నా బిగుసుకుపోయిన మనిషి ఆయనే. చిగుసాకి అంతకన్నా మంచి కొలత దొరకదు. ఆయన చెయ్యి ఎక్కడ ఆగితే తన చెయ్యి అక్కడ ఆపింది. ఆయన కాలు జానెడు లేస్తే తనూ జానెడే లేపింది. గెంతే చోట ఆయన గెంతకుండా మడమలు మాత్రం ఆడిస్తాడు. తనూ అంతే.

నాలుగో రోజు పియానో ఆగాక కవనో నెమ్మదిగా, మొత్తంగా వెనక్కి తిరిగాడు.

"ఏమ్మా, నన్ను వెక్కిరిస్తున్నావా?"

చిగుసా మొహం కందిపోయింది. నాలుగు రోజులుగా పిల్లలు వాళ్ళిద్దర్నీ చూసి ఎందుకు నవ్వుతున్నారో అప్పుడర్థమైంది. తల వంచి క్షమాపణ చెప్పుకుని మొదట్నుంచీ అంతా చెప్పింది. ముల్లంగి చారు, గోడ లేకపోవడం, ఏడు వంతులు, సెప్టెంబరు ఒకటి. కవనో కనుబొమలు ముడిచి విన్నాడు.

"అంటే, నన్ను చూసి నేర్చుకుంటున్నావన్నమాట."

"అవునండి."

"ఇన్నేళ్ళ బతుకులో ఆ మాటన్నది నువ్వే. మా ఆవిడ పోయేదాకా నన్ను చూసి ఎలా ఉండకూడదో నేర్చుకోమని పిల్లలకి చెప్పింది."

మర్నాడు ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, జుట్టు కత్తిరించుకుని వచ్చాడు. తన వెనక కాదు, పక్కన నిలబడమన్నాడు. మలుపు కనపడ్డాక బ్రేకు వేస్తే బస్సు లోయలో ఉంటుందట, మలుపు రాకముందే వెయ్యాలట. ఎప్పుడు వెయ్యాలో ఎలా తెలుస్తుందని చిగుసా అడిగింది. తన నడుం కేకలు పెడుతుందని, నీది పెట్టదా అని ఆయన అడిగాడు. తనది ఏమీ అనదని ఆమె ఒప్పుకుంది.

"అయితే నేనంటాను," అన్నాడు కవనో.

అప్పట్నుంచి పియానో సాగినంతసేపూ పక్కనుంచి ఆయన గొణుగుడు వినపడేది. ఆగు. చాలు. మోకాలు చూసుకో, వెనక్కి పోతోంది. అక్కడే, అక్కడే. పండగ రోజుల్లో కూడా ఒక్కనాడు మానలేదు. ఇంట్లో చిగుసా ఒగాతా నేర్పినవి చేసేది, గోడకి ఆని కూర్చోవడం, ఒంటికాలి మీద నిలబడి గిన్నెలు తుడవడం. అత్తగారు పక్కన కూర్చుని అంకెలు లెక్కపెట్టి, తొమ్మిది తరవాత ఎప్పుడూ ఒక అంకె ఎగరేసి కోడలికి విశ్రాంతి ఇచ్చేది.

ఆగస్టు మూడో వారంలో ఒక పొద్దున్న ముందుకి వంగుతూ వంగుతూ చిగుసా ఆగింది. తొడ వెనక సన్నగా ఏదో లాగింది. అంతకుముందెప్పుడూ ఎరగని సంగతి. కవనో ఆగమనలేదు. ఆయన అనకముందే ఆమె ఆగింది. ఇద్దరూ వంగిన చోటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం ఆయన అందుకోసం మనిషి మొత్తం తిరగాల్సి వచ్చింది, లయ తప్పాడు.

ఆగస్టు ముప్పై ఒకటి వచ్చింది. ఆ రోజు దాటితే నలభై రెండూ పూర్తవుతాయి. మైదానంలో రెండువందల మంది దాకా ఉన్నారు. మియకె సాన్ కొత్త తెల్ల బనీను ఇచ్చి, వీపు నిమిరి, పై పేటవాళ్ళ కళ్ళు తిరగాలని చెప్పి చిగుసాని వేదిక ఎక్కించింది. తను అంతగా వంగనని చిగుసా మెట్ల మీద నిలబడి మరోసారి చెప్పింది. ఈసారి గట్టిగానే చెప్పింది. కంగారు పడవద్దని, పియానో మొదలైతే ఒళ్ళు దానంతటదే వంగుతుందని మియకె సాన్ ధైర్యం చెప్పింది. చిగుసా భయమూ అదే.

పైనుంచి చూస్తే అందరూ కనపడ్డారు. ముందు వరసలో పిల్లలు, నాలుగో తరగతి రెండో సెక్షను ఇప్పుడు అయిదో తరగతి. మధ్యలో అత్తగారు, పక్కన ఫెర్రీ సెలవు పెట్టి వచ్చిన షింగో. కుడివైపు చివర, చేతులు కట్టుకుని హిరమత్సు.

పియానో మొదలైంది. చేతులు పైకి, పక్కలకి. రెండువందల మంది ఆమె ఎత్తినంత ఎత్తారు, దించినంత దించారు. తరవాత ముందుకి వంగే చోటు వచ్చింది. పిల్లల మొహాల్లో ఎదురుచూపు చూసింది. ఆ చప్పట్లు ఎలా వినిపిస్తాయో ఆమెకి తెలుసు. అరచేతులు నేలకి ఆనడానికి ఇంకో రెండు క్షణాలు చాలు. తొడ వెనక సన్నగా లాగింది.

ఆగింది. చేతులు మోకాళ్ళకి జానెడు కింద వేలాడుతున్నాయి.

"ఇంకా కిందికి," అని వేదిక పక్కనుంచి మియకె సాన్ పళ్ళ మధ్యనుంచి అంది. "చిగుసా సాన్, కిందికి."

చిగుసా తల అడ్డంగా ఊపింది. పియానో ఇంకోసారి, ఇంకోసారి వంగమంది. మూడుసార్లూ అక్కడికే వంగింది. పక్కకి వంగేచోట కొద్దిగా, వెనక్కి వంగేచోట ఇంకా కొద్దిగా. గెంతే చోట మడమలు ఆడించింది. పై పేటవైపు నుంచి గుసగుసలు వచ్చాయి. ఆమె చెవులు కాలుతున్నాయి. అయినా ఒంట్లో ప్రతి కీలూ దాని చోట అది ఉంది. ఒక్కోదాన్నీ ఆమె లెక్కపెట్టుకోగలదు.

అప్పుడు కింద ఒక వింత జరుగుతూ ఉండటం కనిపించింది. మామూలుగా ఈ కసరత్తులో ముసలివాళ్ళు సగంలో ఆగి, వేదిక మీది మనిషి లేచేదాకా దిక్కులు చూస్తారు. ఇవాళ ఎవరూ ఆగడం లేదు. ఆమె వంగినంత వాళ్ళూ వంగుతున్నారు, ఆమెతోపాటే లేస్తున్నారు. వరసలన్నీ ఒక్కసారే వంగి ఒక్కసారే లేస్తుంటే మైదానం ఊపిరి తీసుకుంటున్నట్టుంది. కవనో ఇస్త్రీ చొక్కాలో, తల ఎత్తి, రాజులా చేస్తున్నాడు. పిల్లలకి మాత్రం ఇంత తేలికైన కసరత్తు వింతగా ఉండి, ముసలివాళ్ళలా వంగడం ఆటగా పట్టుకున్నారు. ఆఖరి ఊపిరి వదిలేసరికి మైదానంలో సగం మంది నవ్వుతున్నారు.

మియకె సాన్ నవ్వలేదు. వేదిక దిగగానే, పేట పరువు మోకాళ్ళ దగ్గర ఆపేశావని అంది. ఈలోగా పై పేట ముసలమ్మలు నలుగురు వచ్చి ఆవిణ్ణి చుట్టుముట్టారు. కిందటేడు ఆ టీచరు వెనక చెయ్యబోయి మూడు రోజులు మంచం దిగలేదని, ఇలాంటి మనిషిని ఎంచుకోవాలన్న ఆలోచన ఎలా వచ్చిందని అడిగారు. మియకె సాన్ ఒక్క క్షణం ఇటూ అటూ చూసింది. చాలా ఆలోచించే ఎంచుకున్నానని చెప్పింది.

హిరమత్సు జనం పలచబడేదాకా ఆగి వచ్చింది. ముందు చిగుసా చీలమండల వైపు చూసింది, తరవాత మొహం వైపు.

"నవంబరులో ఆ గిన్నె బరువని నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

చెప్తే పంపించేస్తారేమోనని భయపడ్డానని చిగుసా అంది. హిరమత్సు తల ఆడించింది.

"నలభై రెండు రోజులు నేను అడిగింది కాలు కోసం కాదు. కాలు ఎప్పుడో ఒకప్పుడు బెణుకుతుంది, నాకు తెలుసు. రెండువందల మంది చూస్తుండగా, పక్కన మియకె సాన్ కొరుక్కు తినేస్తుండగా, చెయ్యనని తలూపావు చూడు. ఆ తల నాకు వంటశాలలో కావాలి. రేపు ఎనిమిదికి."

షింగో వచ్చి, ఏమైందని అడిగాడు. ఎనిమిదికి అని మాత్రం చెప్పగలిగింది చిగుసా. అతను తల్లి చెవిలో అదే మాట చెప్పాడు. త్సుయాకో వెంటనే అది కవనోకి చేరవేసింది. మైదానం గేటు దాటేలోగా చిగుసాకి ఉద్యోగం దొరికిన సంగతి మూడు పేటలకీ తెలిసిపోయింది.

మొదటి రోజు వంటేమిటని చిగుసా అడిగింది. కర్రీ అన్నమని, బంగాళాదుంపలు అరవై కిలోలని హిరమత్సు చెప్పింది. తొక్కు తీసే పని చిగుసాదే.

చిగుసా ఒక్క అడుగు వేసి ఆగింది.

"తొక్కు తియ్యనండి. అరవై కిలోలకి నా బొటనవేలు ఊడి వస్తుంది. తరిగిపెడతాను, కలుపుతాను, వడ్డిస్తాను. తొక్కు ఇంకెవరైనా తియ్యాలి."

హిరమత్సు గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఉద్యోగంలో చేరి ఇంకా రెండు నిమిషాలు కాలేదు," అంది. ఆ గట్టి మనిషి భుజాలు అదరడం మొదలైంది. నవ్వు ఆపుకోలేక, గేటు స్తంభం పట్టుకుని నిలబడింది.